నేల ఒకరిది, నీడ ఒకరిది

ఇల్లు స్థిరాస్తి, మేక చరాస్తి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కినవాళ్ళెవరికైనా ఈపాటి తెలుసు. ఇండోనేసియాలోని జావా ద్వీపంలో, కొండ ఊళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తారుమారవుతుంది. అక్కడి పాతకాలపు కొయ్య ఇల్లు కదులుతుంది, మేక కదలదు. ఒక దూలం బెజ్జంలో ఇంకొక దూలం కొస దూర్చి, ఇనుప మేకు తగలకుండా బిగించిన టేకు ఇల్లు అది. పెంకులు దించి, వాసాలు విప్పి, గోడలుగా నిలబెట్టిన పలకలూ వెదురు తడికలూ ఊడదీసి, పక్క ఊరికి మోసుకుపోయి మళ్ళీ నిలబెట్టుకోవచ్చు. నేల అమ్మి ఇల్లు ఉంచుకున్నవాళ్ళున్నారు, ఇల్లు అమ్మి నేల ఉంచుకున్నవాళ్ళూ ఉన్నారు. మేక మాత్రం చాలా ఊళ్ళలో ఇంటి పక్కన ఎత్తుగా కట్టిన వెదురు కొట్టంలోనే కాలం గడుపుతుంది. వాలు మీద దాన్ని విడిస్తే పక్కవాడి పైరు దక్కదు. అందుకని మేక గడ్డి దగ్గరికి వెళ్ళదు, గడ్డే మేక దగ్గరికి వస్తుంది, మనిషి వీపు మీదో తల మీదో మోపుగా ఎక్కి.

ఆ గడ్డి ఎవరిది? ప్రశ్న చిన్నదే గానీ జావా కొండల్లో ఆస్తి అంటే ఏమిటో తెలియాలంటే అక్కడే మొదలుపెట్టాలి. ఒకే వాలు మీద నేల ఒకరిది కావచ్చు, దాని మీది టేకు చెట్టు ఇంకొకరిది, ఆ చెట్టు కింద కర్రపెండలం వేసుకున్నది మూడో మనిషి, గట్టు మీది గడ్డి కోసుకునేది నాలుగో ఇల్లు. నలుగురికీ కాగితం లేదు. నలుగురి హక్కూ ఊరికి తెలుసు. డచ్చి వాళ్ళు తెచ్చిన చట్టం ప్రకారం నేల ఎవరిదో దాని మీద నిలిచినదంతా వారిదే. ఊరి ఆచారం దీన్ని ఒప్పుకోలేదు. నేల వేరు, నేల మీద నిలిచింది వేరు అన్నది దాని పద్ధతి. స్వతంత్రం వచ్చాక 1960లో చేసిన మూల భూచట్టం కూడా తాను ఊరి ఆచారం మీదే నిలబడ్డానని చెప్పుకుంది.

జావా మనకు మరీ పరాయిదేమీ కాదు, కానీ దాని ఇరుకు ఊహకు అందదు. ఆంధ్రప్రదేశ్ కన్నా చిన్న నేల మీద, 2020 జనగణన ప్రకారం, 15 కోట్ల పైచిలుకు జనం. అర హెక్టారు లోపు కమతం ఉన్నవాళ్ళకు అక్కడ సర్కారు లెక్కల్లో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, వాళ్ళే ఎక్కువ కాబట్టి. అర హెక్టారంటే ఎకరంపావు కూడా నిండదు. మాగాణి పల్లంలో ఉంటుంది, కొండ మీద దొరికేది మెట్ట, ఇంటి చుట్టూ పెరడు. ఆ పెరడే అసలు సిరి. పైన కొబ్బరి, దాని కింద పనస, ఇంకా కిందికి అరటి, బొప్పాయి, ఆ నీడలో చేమ, అల్లం, పసుపు, మూలన కోళ్ళ గంప. పరాయివాడికి అడవిలా కనిపిస్తుంది. ఇంటావిడకు ఏ మొక్క ఏ నెల ఖర్చుకు పనికొస్తుందో తెలుసు. చాలాచోట్ల పెరళ్ళ మధ్య గోడలుండవు. హద్దు గుర్తుగా ఎర్రాకుల మొక్క ఒకటి నాటుతారు. దారులు ఒకరి వాకిట్లోంచి ఇంకొకరి పెరట్లోకి పోతూనే ఉంటాయి.

యోగ్యకర్త నగరానికి ఆగ్నేయంగా ఉన్న గునుంగ్ కిదుల్ సున్నపురాతి గుట్టల ప్రాంతం. వాన నీళ్ళు రాతి బొరియల్లోంచి భూమి కిందికి జారిపోతాయి, పైన మట్టి జానెడు. 1960ల తొలినాళ్ళలో అక్కడ ఆకలి చావులదాకా పోయింది. ఎండబెట్టిన కర్రపెండలం పిండితో ఆవిరి మీద వండుకునే ముద్దే బువ్వ. ఆ బోడి గుట్టల మీద రైతులు టేకు పెట్టుకుంటూ వచ్చారు. ఇవాళ వెళ్ళినవాళ్ళు పచ్చదనం చూసి ప్రభుత్వ అడవి అనుకుంటారు. అందులో చాలా భాగం ఇళ్ళవాళ్ళు తమ సొంత చెక్కల్లో పెంచుకున్న చెట్లే. వాటిని ఫారెస్టు ఇంజనీరు చెప్పిన వయసుకు కొట్టరు, అవసరం వచ్చినప్పుడు కొడతారు. పిల్ల హైస్కూలుకు వెళుతుందంటే ఒక చెట్టు, పెళ్ళంటే రెండు మూడు, ఆసుపత్రి అంటే ఎన్నైనా. కర్ర బాగా ముదిరేదాకా ఆగితే రెట్టింపు ధర వస్తుందని నిపుణులు తలపట్టుకుంటారు. జ్వరం ఆగదు కదా అన్నది రైతు జవాబు. ఇందులో నిపుణుడి కన్నా రైతే సరైన లెక్క వేశాడని మా అభిప్రాయం. బ్యాంకులో వేసిన సొమ్ముకు వడ్డీ తక్కువని ఎవరూ ఆసుపత్రికి వెళ్ళడం మానుకోరు.

కొబ్బరి చెట్టు కథ ఇంకోలా ఉంటుంది. యోగ్యకర్తకు పడమటి వైపు మెనోరెహ్ కొండల్లో, బాన్యుమాస్ ప్రాంతంలో కొబ్బరి గెల గీసి నీరా తీసి బెల్లం వండుతారు. మగవాళ్ళు పొద్దునా సాయంత్రమూ చెట్టెక్కాలి. ఆడవాళ్ళు గంటల తరబడి కట్టెల పొయ్యి దగ్గర కూచుని నీరా కాచి, చిక్కబడ్డాక సగం కొబ్బరి చిప్పల్లో పోసి అచ్చు తీస్తారు. చెట్టున్నవాళ్ళందరూ ఎక్కలేరు, ఎక్కగలిగినవాళ్ళందరికీ చెట్లుండవు. అందుకని చెట్టు ఇచ్చినవాళ్ళూ ఎక్కినవాళ్ళూ బెల్లం పంచుకుంటారు. వానాకాలంలో జారిపడి నడుములు విరిగేది మాత్రం ఎక్కినవాడికే. పంపకంలో ఆ వాటా ఎప్పుడూ సమానంగా పడలేదు.

పశువులదీ పాలు బేరమే. మన పల్లెల్లో పెయ్యను పాలుకిచ్చే పద్ధతి తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా తోచదు. ఆవు ఒకరిది, సాకేది ఇంకొకరు. ఒక ఈత దూడ సాకినవాళ్ళకు, తర్వాతి ఈత ఆవు గలవాళ్ళకు, ఇలా ఊరి రివాజును బట్టి నడుస్తుంది. పట్నంలో ఉద్యోగం చేసే టీచరమ్మ పొదుపు చేసిన జీతం, ఊళ్ళో గజం నేల లేని ఇంటివాడి కాయకష్టం ఒకే కొట్టంలో కలుస్తాయి. బక్రీదు ముందు మేక ధర పెరుగుతుంది, అప్పుడు అమ్ముతారు. 2010 అక్టోబరు చివర మెరాపి అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఈ ఆవుల విలువ బయటి ప్రపంచానికి తెలిసింది. శిబిరాలకు తరలించిన జనం పొద్దున్నే వేడి బూడిదలోంచి నడుచుకుంటూ గడ్డి కోసుకుని కొండెక్కి పాకలకు పోయేవాళ్ళు. టీవీలవాళ్ళు దాన్ని మూఢత్వం అన్నారు. ఇంటి ఆస్తంతా అక్కడ గుంజకు కట్టేసి ఉన్నప్పుడు శిబిరంలో చాప మీద కూచోవడం ఎవరి తరం? చివరికి ప్రభుత్వం పశువులను కొంటానని ముందుకు రావలసి వచ్చింది. మనుషుల్ని కొండ మీదికి పోనివ్వకుండా ఆపడానికి పోలీసు తాడు చాలలేదు.

ఇంట్లో పంపకాలు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. జావావాళ్ళలో ఎక్కువమంది ముస్లింలే అయినా వారసత్వంలో ఊరి ఆచారానిదే పైచేయి. కొడుకుకు రెండు పాళ్ళు, కూతురికి ఒకటి అని పంచే ఇళ్ళున్నాయి, సమానంగా పంచే ఇళ్ళూ ఉన్నాయి. ఏ ఇంట్లోనైనా కూతురికి నేల ఇవ్వకుండా పంపడం మాత్రం తలవంపు. ముసలివాళ్ళను చివరిదాకా చూసుకున్న బిడ్డకు, తరచు కడగొట్టు బిడ్డకు, ఇల్లు దక్కుతుంది. పెళ్ళికి ఎవరు తెచ్చుకున్నది వాళ్ళదే. కాపురంలో ఇద్దరూ కలిసి సంపాదించింది ఇద్దరిదీ, విడిపోతే పంచుకోవాలి. ఈ పద్ధతి ఎంత గట్టిదంటే దేశపు కుటుంబ చట్టాల్లోకీ ఎక్కింది. సంతలో బేరమాడేది ఆడవాళ్ళే, డబ్బు సంచీ ఉండేదీ వాళ్ళ నడుము దగ్గరే. ఐదు రోజులకు ఒకసారి తిరిగే సంత వారాలు ఇప్పటికీ ఏడు రోజుల వారానికి పక్కనే నడుస్తున్నాయి. ఏ ఊరి సంత ఏ రోజో పిల్లలు కూడా చెబుతారు.

పొరుగువాళ్ళ వంతు కూడా ఆస్తిలో భాగమే. కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ ఇంటి ముందు చిన్న డబ్బానో వెదురు గొట్టమో వేలాడుతుంటుంది. రాత్రి పడుకోబోయే ముందు ఇంటావిడ అందులో చిటికెడు బియ్యం వేస్తుంది. వంతుల వారీగా గస్తీ తిరిగే మగవాళ్ళు కొయ్య గంట కొట్టుకుంటూ వచ్చి ఆ బియ్యం సంచీలో వొంపుకుంటారు. డబ్బా ఖాళీగా ఉంటే ఆ ఇంట్లో ఎవరికో బాగాలేదని తెలుస్తుంది. ఈ మధ్య చాలాచోట్ల బియ్యం బదులు నాణెం వేస్తున్నారు. పోగైన సొమ్ముతో వీధి దీపం బల్బు కొంటారు, శవానికి బట్ట కొంటారు, దారి మీద గుంత పూడుస్తారు. పెళ్ళిళ్ళకు చదివింపులు రాసుకునే పుస్తకం అక్కడా ఉంది, మన దగ్గరలాగే ఎదుటివాళ్ళ పెళ్ళినాడు అదే బయటికి తీస్తారు.

ఇదంతా విని ముచ్చటపడి ఊరుకుంటే పొరపాటు. అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ గీర్ట్జ్ 1963లో రాసిన పుస్తకంలో, జావా రైతులు ఉన్న కొంచెం నేలనూ పనినీ నలుగురికీ పంచుకుంటూ పేదరికాన్ని కూడా పంచుకున్నారని వాదించాడు. మాట అందంగా ఉంది కాబట్టి చాలాకాలం నిలిచింది. తర్వాత ఊళ్ళలో ఏళ్ళ తరబడి ఉండి లెక్కలు తీసినవాళ్ళు, ఉదాహరణకు తెంగెర్ కొండల మీద పనిచేసిన రాబర్ట్ హెఫ్నర్, పంపకం ఎప్పుడూ సమానం కాదని చూపించారు. సగపాలుకు చేసేవాడి సగం, భూస్వామి సగం ఒకటి కావు. నేల తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటే, తీర్చేదాకా పంట అప్పిచ్చినవాడిదే. 1960లోనే చట్టం చేశారు, ఏడేళ్ళు అనుభవించాక ఆ నేలను డబ్బు తీసుకోకుండా వెనక్కివ్వాలని. ఊళ్ళో ఉంటూ, ఆ అప్పిచ్చిన మోతుబరి వాకిట్లోంచే రోజూ నడుస్తూ, ఆ చట్టం పేరెత్తడానికి ఎన్ని గుండెలు కావాలి? గ్రామాధికారులకు జీతం బదులు మాన్యాలిచ్చే పద్ధతి కూడా అక్కడ నిన్నమొన్నటిదాకా దర్జాగా సాగింది. కరణం మాన్యాలు చూసిన మన పెద్దవాళ్ళకు దాని సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

మనకూ వాళ్ళకూ నిజమైన బీరకాయపీచు చుట్టరికం ఒకటి ఉంది. 1811లో ఇంగ్లీషువాళ్ళు జావాను పట్టుకున్నప్పుడు మద్రాసు నుంచి దండు వెళ్ళింది. ఆ దండుతో వెళ్ళిన ఇంజనీరు మరెవరో కాదు, మన ఊళ్ళ కైఫీయత్తులు రాయించిన కాలిన్ మెకంజీ. కావలి సోదరుల్లాంటి పండితుల సాయంతో తెలుగు నేల చరిత్రను మూటగట్టిన ఆ మనిషే జావాలో భూమి హక్కులు ఎవరివో విచారించే సంఘానికి పెద్దగా కూచున్నాడు. దత్తమండలాల్లో థామస్ మన్రో నిలబెట్టిన రైత్వారీ పద్ధతి జావా లెఫ్టినెంట్ గవర్నర్ రాఫెల్స్‌కు నమూనా అయింది. నేలంతా సర్కారుది, దున్నేవాడు శిస్తు కట్టే కౌలుదారు. మేలురకం మాగాణికి శిస్తు పంటలో సగం. కడప, అనంతపురం గట్ల మీద నిలదొక్కుకున్న ఆలోచన ఓడెక్కి జావా చేరిందన్నమాట. కొలవడానికి మనుషులు చాలక, ఊరి పెద్దలు చెప్పిందే రాసుకోక తప్పక, అది అక్కడ అరకొరగా నడిచింది. ఆ శిస్తు పుస్తకాల్లో చెట్టుకూ గడ్డికీ వేరే పేరు రాసుకునే గడి లేదు. నేలకొక పేరు, పేరు పక్కన శిస్తు, అంతే.

తిరిగొచ్చిన డచ్చివాళ్ళు 1830 నుంచి కొండవాలులో నిర్బంధంగా కాఫీ పెట్టించారు. 1870లో ఇంకో మెట్టు ఎక్కారు. తనదని రుజువు చూపలేని నేలంతా ప్రభుత్వానిదే అని ప్రకటించారు. కాగితం లేని కొండవాడికి ఇంతకన్నా పెద్ద దెబ్బ తగల్లేదు. బీడుగా వదిలిన పోడు, పశువుల బయలు, కట్టెలు ఏరుకునే అడవి ఒక్క కలం పోటుతో సర్కారీవైపోయాయి. ఆ అడవే చేతులు మారి ఇప్పటి ప్రభుత్వ అటవీ సంస్థ కిందికి వచ్చింది. జావా, మదురా ద్వీపాల్లో దాని చేతిలో సుమారు 24 లక్షల హెక్టార్లుండేవి. 2022లో అందులో దాదాపు 11 లక్షల హెక్టార్లను వేరుచేస్తూ మంత్రిత్వశాఖ ఉత్తర్వు ఇచ్చింది. మొదట ఇక్కడ ఎవరుండేవారన్న ప్రశ్న అప్పటికి నూటయాభై ఏళ్ళదైంది.

1960 చట్టం ఆరో అధికరణంలో, భూమి మీది ప్రతి హక్కుకూ సామాజిక బాధ్యత ఉందని రాశారు. అంతకన్నా మంచి వాక్యం చట్టాల్లో అరుదు. కుటుంబానికి కనీసం రెండు హెక్టార్లు ఉండేలా చూడాలని కూడా సంకల్పించారు. జావాలో అన్ని హెక్టార్లు ఎక్కడివి! అమలు కాకపోయేసరికి 1964లో వామపక్ష రైతు సంఘాలు తామే నేల పంచడానికి దిగాయి. మరుసటి ఏడు చివర్లో మొదలైన ఊచకోతలో దేశమంతటా కనీసం ఐదు లక్షల మంది పోయారని చరిత్రకారుల అంచనా. జావా కొండ ఊళ్ళు అందులో తమ వంతు చెల్లించాయి. ఆ తర్వాత మూడు దశాబ్దాలపాటు నేల పంచమని నోరు తెరవడమంటే కమ్యూనిస్టునని ఒప్పుకోవడమే. అంత మంచి వాక్యం పుస్తకంలోనే నిద్రపోయింది.

ఇప్పుడు కొత్త గాలి వీస్తోంది. 2017 నుంచి ఊరూరా కొలిచి పట్టాలిచ్చే పని చురుగ్గా సాగుతోంది. ఊరి ఆఫీసులో అంచులు నలిగిన పాత శిస్తు పుస్తకం ఒకటుంటుంది, తాత పేరు కొట్టేసి కొడుకు పేరు, దాని పక్కన చెల్లెలి పేరు రాసి. దాని బదులు ప్రతి ఇంటికీ ముద్ర వేసిన ధ్రువపత్రం. 2023లో దేశవ్యాప్తంగా పది లక్షల హద్దు గుర్తులు పాతే కార్యక్రమం కూడా పెట్టారు. పత్రం మంచిదే. అది లేకే 1870లో మోసపోయారు. పత్రం పట్టుకుని బ్యాంకుకు పోవచ్చు, మోతుబరి దగ్గర నేల తాకట్టు పెట్టనక్కర్లేదు. ఆ పత్రానికి ఒక గుణం ఉంది, అది పేరును ఇష్టపడుతుంది, పేర్లను కాదు. ముగ్గురు అక్కచెల్లెళ్ళ ఉమ్మడి చెక్క ఊళ్ళో ఉన్న తమ్ముడి పేర పడిపోతే, ఆ తమ్ముడు మంచివాడైనంతకాలం ఫరవాలేదు. పట్నం నుంచి కొండ గాలి కోసం విల్లా కట్టుకోవడానికి వచ్చేవాళ్ళకు కూడా ఒక్క సంతకంతో పని అయిపోవడమే సుఖం. విదేశీయుడి పేర పూర్తి హక్కు రాయడానికి చట్టం ఒప్పుకోదు, కాబట్టి కొందరు స్థానికుల పేర్లు అద్దెకు తీసుకుంటారు. అదొక పెద్ద చిక్కుముడి.

బ్రోమో అగ్నిపర్వతం చుట్టూ ఉన్న తెంగెర్ హిందువులు దీనికి తమ దారిలో జవాబు వెతుక్కున్నారు. నేల బయటివాళ్ళకు అమ్మకూడదన్నది వాళ్ళ కట్టుబాటు. నిలువు వాలులో బంగాళాదుంప, క్యాబేజీ పండించి లారీల్లో పట్నాలకు పంపుతూనే, నేలను మాత్రం ఇంటి గడప దాటనివ్వరు. వాళ్ళ కసద పండుగనాడు కూరగాయలు, కోళ్ళు, డబ్బు అగ్నిపర్వతం నోట్లోకి విసురుతారు. లోపలి అంచు మీద జారుతూ వలలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు వాటిని గాల్లోనే అందుకుంటారు. దేవుడికిచ్చింది తీసుకున్నావని ఎవరూ కసురుకోరు. భక్తుడి చేయి వదిలింది, దేవుడి నోట పడలేదు, ఆ నడుమ అది ఎవరిదన్నది ఏ సర్వేయరూ తేల్చలేడు.

ఇక ఊళ్ళలో ఉండేది ఎవరు? కుర్రవాళ్ళు జకార్తాలో మాంసం ఉండల పులుసు బండ్లు తోస్తున్నారు, వోనోగిరి కొండ జిల్లా ఆ బండ్లకే పేరు. ఆడపిల్లలు ఇంటిపనికి హాంకాంగ్, తైవాన్ పోయి డబ్బు పంపుతున్నారు. ఆ డబ్బుతో టేకు ఇల్లు విప్పేసి వర్తకుడికి అమ్మి, టైల్స్ అంటించిన ఇటుక ఇల్లు లేపుతున్నారు. గల్ఫ్ డబ్బుతో లేచిన మేడలకు తాళాలు వేలాడే జగిత్యాల పల్లెలు, కోనసీమ పల్లెలు చూసినవాళ్ళకు ఆ ఇళ్ళ సంగతి అర్థమవుతుంది. పాత టేకు దూలాలు యోగ్యకర్త హోటళ్ళలోనో బాలి విడిదిళ్ళలోనో మళ్ళీ నిలబడుతున్నాయి. 2006 మే 27 తెల్లవారుజామున యోగ్యకర్తకు దక్షిణాన భూమి కంపించి 5,700 మందికి పైగా చనిపోతే, వాళ్ళలో ఎక్కువమంది సరిగా కట్టని ఇటుక గోడల కిందే పోయారు. ఆ సంగతి తెలిసీ ఇటుకే కావాలంటున్నారు. ఇటుక ఇల్లు మోసుకుపోయేది కాదు, అదే దాని గొప్ప. కదలని ఇల్లు కట్టుకున్నవాడే స్థిరపడ్డవాడని జావాలోనూ అనుకోవడం మొదలైంది.

పుర్వొరెజో జిల్లాలో వాడాస్ అని ఒక కొండ ఊరు. దురియన్ పండ్లు, అరెన్ తాటి బెల్లం, మిరియం జాతి తోటలు అక్కడి సొత్తు. బెనెర్ ఆనకట్టకు రాయి కావాలి, ఆ కొండంతా రాయే. 2022 ఫిబ్రవరి 8న కొలతల సిబ్బంది వెంట పెద్దఎత్తున పోలీసులు ఊళ్ళోకి దిగారు. అరవై మందికి పైగా పట్టుకెళ్ళి మర్నాడు విడిచిపెట్టారు. మధ్య జావా గవర్నర్ క్షమాపణ చెప్పారు. ఊరి ఆడవాళ్ళు అంతకుముందు నుంచే కాపలా పాకల్లో కూచుని వెదురు బుట్టలు అల్లుతూ దారి కాశారు. తర్వాత తర్వాత చాలామంది పరిహారం తీసుకున్నారు, తీసుకోవద్దన్నవాళ్ళతో ఊళ్ళో మాటలు తెగాయి. 2012 భూసేకరణ చట్టం నేలనే కాదు, ఇంటినీ చెట్లనూ కూడా వెలకట్టమంటుంది. పరాయి నేల మీద చెట్టున్నవాడికీ అందులో చోటుంది, ఇది మెచ్చుకోవలసిన విషయం. సగపాలుకు చెట్టెక్కి నీరా దించేవాడికి, ఆ కొండ గడ్డితో పక్కింటి ఆవును పాలుకు సాకే ఇంటికి మాత్రం ఆ పట్టికలో వరుస లేదు. వేయలేనిదేమీ కాదు. ఎవరు ఎవరి చెట్టెక్కుతున్నారో, ఎవరి గట్టు గడ్డి ఎవరి మేకకు పోతోందో ఊరి ఆఫీసులో పాత శిస్తు పుస్తకం చూసే గుమాస్తాకు ఇప్పటికీ తెలుసు. టేపు విప్పే ముందు ఆయన్ను కూచోబెట్టి ఒక పూట అడిగి రాసుకుంటే చాలు. ఆ పూట ఖర్చు ఆనకట్ట అంచనాల్లో ఎవరికీ బరువు కాదు.